మట్టికి కాపలా

ఆ బఠాణీలు ఆయన తెలిసే నాటాడా, తెలియకే నాటాడా? ఎన్నేళ్ళు గడిచినా ఆ ఇంట్లో ఇప్పటికీ తేలని ప్రశ్న ఇది. కోడలు ఒకరోజు అటు తీర్పు చెబుతుంది, మర్నాడు ఇటు చెబుతుంది. అడిగి తేల్చుకుందామంటే, అడగాల్సిన మనిషి అనుమానం బాబాయి. ఆయన్ని ఏదైనా అడిగితే ముందు "ఈ మాట నీచేత ఎవరు అడిగిస్తున్నారు?" అంటాడు.

అనుమానం బాబాయికి ఉన్నది ఒక్కటే గుణం. దేన్నీ నమ్మడు. మనుషుల్ని నమ్మనివాళ్ళు వీధికి పదిమంది ఉంటారు, అందులో వింత లేదు. ఆయన వస్తువుల్ని కూడా నమ్మడు. గోడ మీద గడియారం చూశాక కిటికీ తెరిచి ఎండ చూస్తాడు. రెండూ ఒకే మాట చెబితే "ఈసారికి వదిలేస్తున్నా" అన్నట్టు గడియారం వైపు తలాడిస్తాడు. వానలో తడిసి ముద్దయ్యాక కూడా, మేడ మీంచి ఎవరైనా నీళ్ళు పోస్తున్నారేమోనని పైకి చూస్తాడు. చెప్పులు కొనడానికి వెళ్తే రెండూ ఒకే జతవని దుకాణం వాడిచేత ఒట్టు వేయిస్తాడు.

ఉద్యోగమంతా ధాన్యం గోదాముల్లో గడిచింది. లారీ దిగిన బస్తాలో ఇనప గొట్టం గుచ్చి, లోపలి గింజలు అరచేతిలోకి రాల్చుకుని, ఇవి మంచివి, ఇవి ముక్కినవి, ఇవి పైన మంచివీ అడుగున కల్తీవీ అని చెప్పడం ఆయన పని. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి గింజ వయసు చెప్పేవాడట. రిటైరైన రోజున ఆ గొట్టం ఆయనకే ఇచ్చేశారు. ఇచ్చేశారో, ఆయనే తిరిగివ్వలేదో! అప్పటినుంచీ అది ఆయన చేతిసంచిలోనే ఉంటుంది. రొట్టె కొంటే గుచ్చుతాడు. గుమ్మడికాయ కొంటే గుచ్చుతాడు. ఒకసారి చుట్టాలింట్లో పరుపు వేసి పడుకోమంటే దానికీ గుచ్చి, దూది బయటికి లాగి, వెలుగులో చూశాడు. ఆ ఇంట్లో ఆయనకి అప్పట్నుంచీ చాపే.

చొక్కాకి రెండు జేబులుంటాయి. ఎడమ జేబులో ఎప్పుడూ వేయించిన బఠాణీలు. ఒక్కో గింజనీ వెలుగుకెత్తి పరీక్ష చేసిగానీ నోట్లో వేసుకోడు. కుడి జేబులో ఏముంటుందో ఎవరికీ చెప్పడు.

ఇక ఆ ఇంటికొచ్చి తిరిగి వెళ్ళడం ఒక పెద్ద తతంగం. గేటు గొళ్ళెం వేసి, ఊపి చూసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి ఊపి, "వెళ్తున్నా! గేటు వేశాను! వేశానని చూశారుగా? రేపు తెరిచి ఉంటే నన్ననకండి!" అని వీధంతటినీ సాక్ష్యం పెట్టుకుని గానీ కదలడు. ఎదురింటి వాళ్ళు ఆ కేక వినిపించగానే, ఇది ఇప్పట్లో తెమలదని, పొయ్యి మీద పాలు దింపుకుంటారని చెప్పుకునేవారు.

అలాంటి మనిషిని, అత్తగారి సొంత తమ్ముణ్ణి, కోడలు ఇన్నేళ్ళూ నవ్వుతూనే భరించింది. పెరట్లో ఎత్తు మడి కట్టించే సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆమె నవ్వు ఆగిపోయింది.

అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "నా పని అయిపోయింది. ఇక నడవడం ఆవిడ పని. ఈ నెలా రెండు నెలల్లో లేచి తిరిగారా సరే, లేదంటే కాళ్ళు మంచానికి అలవాటు పడిపోతాయి. తర్వాత నన్నని లాభం లేదు" అన్నాడు. అత్తగారు "అలాగే నాయనా" అని ఇంటికొచ్చి పడుకున్నారు. అడిగితే రేపట్నుంచి అంటారు. ఆ రేపు ఎప్పటికీ రాలేదు.

పడకముందు ఆ పెరడంతా ఆవిడదే. ఉదయం కొంగు బిగించి దిగితే ఎండెక్కేదాకా వంగిన నడుం ఎత్తేవారు కాదు. ఇప్పుడు వంగడం కుదరదు. వంగలేనప్పుడు పెరట్లోకి వెళ్ళడమెందుకు, పెరట్లోకి వెళ్ళనప్పుడు లేవడమెందుకు? ఇదీ ఆవిడ లెక్క.

కోడలు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు ఒక బడి ఆవరణలో చూసింది. నడుమెత్తున చెక్కపెట్టె, దాన్నిండా మట్టి, అందులో పచ్చగా ఆకుకూరలు. నిలబడే కలుపు తీసుకోవచ్చు, నిలబడే నీళ్ళు పోసుకోవచ్చు. ఇంటికొస్తూనే భర్తకి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. అన్నం కలుపుతూ తలూపాడు.

"బాగుంది, చేయిద్దాం. మావయ్యకి మాత్రం చెప్పకు."

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర అనుమానం బాబాయి.

"నాకు చెప్పొద్దని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు బాబాయిగారూ."

"అనలేదని ఎవరు చెప్పమన్నారు?"

వడ్రంగి పలకలు తెచ్చి పెరట్లో దించాడు. బాబాయి ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ చెక్క ఇదివరకు ఏం చేసేది?"

"చెక్క ఏం చేస్తుందండీ? చెట్టుగా ఉండేది."

"చెట్టు తర్వాత?"

వడ్రంగి తల గోక్కున్నాడు. "పాత తలుపండీ."

"తలుపైతే రంగు వేసుంటారు. ఇటు తిప్పు. అటు కాదు, నువ్వు లోపలికి దాచిన వైపు!" తిప్పితే నిజంగానే పెచ్చులూడుతున్న పాత ఆకుపచ్చ రంగు. "చూశావా అమ్మాయ్! ఈ రంగు మట్టిలోకి దిగుతుంది, మట్టిలోంచి కూరలోకి ఎక్కుతుంది. మీ అత్తయ్య తలుపులు తినాలా?"

ఆ పలక వెనక్కి పోయింది. బాబాయితో వచ్చిన చిక్కే ఇది, అప్పుడప్పుడూ ఆయన అనుమానం నిజమవుతుంది. అదొక్కటి నిజమైతే ఇక వరసగా పది చూపిస్తాడు. పెట్టె బిగించాక వడ్రంగి మట్టం చూసే నీటిబుడగ గొట్టం అంచు మీద పెట్టి "సమంగా ఉందండీ" అన్నాడు.

"బుడగ ఎవరు తెచ్చారు?"

"నేనేనండీ."

"నువ్వు తెచ్చిన బుడగ నీ మాట చెప్పక నా మాట చెబుతుందా?" అని వంటింట్లోంచి పళ్ళెంతో నీళ్ళు తెప్పించి అంచు మీద పెట్టి, నీళ్ళ వైపూ వడ్రంగి వైపూ మార్చి మార్చి చూశాడు.

పెట్టె కాళ్ళు ఎంత ఎత్తున కొయ్యాలన్న దగ్గర అసలు గొడవ మొదలైంది. అత్తగారి మోచేతికి కాస్త దిగువగా ఉండాలని కోడలి లెక్క. పాత జాకెట్టు కొలతలున్నాయి, మనిషి పొడుగు తెలుసు, టేపుతో క్షణంలో చెప్పేసింది.

"టేపు ఎవరిది?"

"నాదే బాబాయిగారూ. నేను రోజూ కొలిచేదే."

"అందుకే అడుగుతున్నా." గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. "అక్కా, లే. నీ మోచెయ్యి చూడాలి."

"పడుకునే చూపిస్తా, చూసుకో."

"పడుకున్న మోచెయ్యి ఎత్తు ఎవడు నమ్ముతాడు? నీ కోడలు టేపుని సాగదీసిందేమో! నిలబడితేగానీ ఒప్పుకోను."

అత్తగారు తిట్టుకుంటూ, గోడ పట్టుకుని లేచారు. ఆయన గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. వచ్చిన కొలత సరిగ్గా కోడలు చెప్పిందే. "కుట్టుపని బాగానే వచ్చినట్టుంది" అన్నాడే తప్ప, పొరపాటైందనలేదు. మర్నాడొచ్చి, రాత్రికి రాత్రి గోడ దిగిందేమోనన్నాడు. అత్తగారు మళ్ళీ లేవాల్సొచ్చింది.

పెట్టె అడుగున అట్టపెట్టెలు విప్పి పరిచారు. ప్లాస్టిక్ టేపు ఒక్క ముక్క మిగిలినా ఊరుకోనని ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని గోటితో గీకించాడు. దాని మీద ఎండుకొమ్మలు, ఆ పైన రాలినాకులు సగం దాకా నింపారు. ఇక మీద పొయ్యాల్సింది మట్టీ, పశువుల ఎరువూ. ఎరువు బస్తాలు రాగానే బాబాయి సంచిలోంచి గొట్టం తీశాడు. గుచ్చాడు, లాగాడు, వాసన చూశాడు, నలిపాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఇందులో ఏదో ఉంది."

"ఎరువుంది బాబాయిగారూ."

"గడ్డి మీద కలుపుమందు చల్లుతారు. ఆ గడ్డి పశువు తింటుంది. పశువు దాచుకోదుగా! ఆ మందు ఎరువులోకొస్తుంది. ఎరువు మట్టిలో పడితే వేసిన మొక్కలన్నీ ముడుచుకుని చస్తాయి. అప్పుడు మీ అత్తయ్య ఏమంటుంది? 'నా చెయ్యి కూడా చచ్చిపోయింది' అంటుంది. ముందు విచారణ జరగాలి."

ఆయన మాటల్లో అంత పొడుగు మాట కోడలు మునుపెన్నడూ వినలేదు. కాదనలేకపోయింది.

కాగితం కప్పులు తెప్పించాడు. కొన్నిటిలో ఎరువు కలిపిన మట్టి, కొన్నిటిలో ఎరువు లేని ఉత్త పెరటిమట్టి. జేబులోంచి బఠాణీలు తీసి ఒక్కో దాంట్లో నొక్కి, "ఇవి ముద్దాయిలు, ఇవి సాక్షులు" అన్నాడు. ఎరువున్న కప్పులో మొక్క సవ్యంగా వస్తే ఎరువు నిర్దోషి. ఆకు ముడుచుకుంటే దోషి. కప్పులన్నీ అత్తగారి కిటికీలో వరసగా పెట్టాడు. కోడలు మంచినీళ్ళు ఇద్దామని వస్తే గడప దగ్గరే మాట వినబడింది.

"అక్కా, జాగ్రత్తగా విను. నీ కోడలి మీద నాకు నమ్మకం లేదు. పెట్టె నిండాలని తొందరపడుతోంది. నేనిటు పోగానే అది కప్పులు మార్చేసినా మార్చేస్తుంది. నువ్వు కాపలా ఉండు."

కోడలు గడపలోనే ఆగిపోయింది. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి ఒక్క మాట పడని మనిషి. అత్తయ్య ఒక్క ముక్క తన తరఫున అంటారని చూసింది. అత్తగారు మాత్రం ఉత్సాహంగా, "అలాగేరా, నేను చూసుకుంటాగా!" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు ఇల్లు కాదు, ఠాణా.

"ఏమ్మాయ్, కిటికీ దగ్గర ఏం చేస్తున్నావ్?"

"వాన జల్లు పడుతోందత్తయ్యా, తలుపు వేద్దామని."

"జల్లు పడితే వాడు చూసుకుంటాడు. నువ్వు అటు జరుగు."

రోజు విడిచి రోజు బాబాయి విచారణకొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కప్పులకి చోటు మార్చేవాడు. ఈ కిటికీలో ఎండ మొహం చాటేస్తోందని హాల్లోకి మార్చాడు. హాల్లో మిషను అదురుకి గింజ బెదురుతోందని వరండాలో పెట్టాడు. వరండాలోకి పిల్లి వస్తోంది, దాని చూపు బాగాలేదని చివరికి పెరటి మెట్టు మీదికి చేర్చాడు. ఎక్కడ పెడితే అక్కడికి, కర్ర టకటకలాడించుకుంటూ, అత్తగారు కాపలాకి వెళ్ళేవారు. కోడలు ఆ చప్పుడు విని, నన్ను పట్టుకోవడానికే వస్తున్నారని మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది.

ఎన్నాళ్ళు చూసినా ఒక్క మొలకా రాలేదు. ఎరువున్న కప్పులోనూ రాలేదు, లేని కప్పులోనూ రాలేదు.

"బాబాయిగారూ, ఉత్త పెరటిమట్టిలో కూడా మొలవలేదు కదా. అది మన మట్టేగా, అత్తయ్య ఇన్నేళ్ళూ పండించినదేగా! అంటే తప్పు ఎరువుది కాదన్నమాట."

ఆయన ఒక బఠాణీ వెలుగుకెత్తి చూసి నోట్లో వేసుకున్నాడు. "చూశావా! రెండూ కుమ్మక్కయ్యాయి."

కప్పులన్నీ గుమ్మరించి, కొత్తగా గింజలు నొక్కి, విచారణ మళ్ళీ మొదలుపెట్టాడు. అవీ మొలవలేదు.

కోడలు భర్త దగ్గర మొత్తుకుంది. "డాక్టరు పెట్టిన గడువు దాటిపోతోంది. పెట్టె నిండితే గదా అత్తయ్యకి పెరట్లోకి రావాలనిపించేది! ఈయన నిండనివ్వడు!"

"మావయ్య అంతే. చిన్నప్పుడు పాలపన్ను ఊడితే, ఎవరో కొట్టేయడానికి చూశారని ఊరంతా తిరిగాడట. రోజూ నాలుక పెట్టి మిగతావి లెక్క చూసుకునేవాడట."

"నవ్వకండి. నాకు అనుమానంగా ఉంది."

"నీక్కూడానా?"

నిజమే, ఆమెకీ అంటుకుంది. అక్క లేచి తిరగడం ఈయనకి ఇష్టం లేదా? లేకపోతే ఇంటి పెత్తనం కోడలి చేతికి వెళ్ళిందని కడుపుమంటా? అలా అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఇంకాస్త అనుకుంది.

ఒక మధ్యాహ్నం అత్తగారి గదిలోంచి గురక వినిపిస్తుండగా, కోడలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పెరటి మెట్టు దగ్గరికి వెళ్ళింది. సొంత ఇంట్లో దొంగలా కూర్చుని ఒక కప్పు మట్టి అరచేతిలోకి బోర్లించింది. వేలితో కెలికితే గింజ దొరికింది. ఉబ్బి, మెత్తబడి, పైన గోధుమరంగు మచ్చలతో ఉంది. రెండుగా చీలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దొరికావ్!"

ఉలిక్కిపడి వెనక్కి చూసింది. గడపలో అత్తగారు.

"నేను మార్చలేదత్తయ్యా! ఒట్టు! ఊరికే చూద్దామని..."

"అదేంటి చేతిలో? ఇలా తే." అత్తగారు మెట్టు దిగి వచ్చి గింజ తీసుకుని వాసన చూశారు. కోడలి మొహం చూశారు. మళ్ళీ వాసన చూశారు.

"ఇది వేయించింది."

"నాకూ అలాగే అనిపించిందత్తయ్యా."

ఇంకో కప్పు బోర్లించారు. అందులోవీ వేయించినవే. అన్ని కప్పుల్లోనూ అంతే.

"ఎడమ జేబువి!" అంది కోడలు. "కుడి జేబులో విత్తనాలున్నాయేమో, పొరపాటున ఎడమ జేబులోవి నాటినట్టున్నారు."

"పొరపాటా?" అత్తగారి గొంతు సన్నగా అయింది. "చీకట్లో చెయ్యిపెట్టి ఏ బస్తాలో ఏ గింజుందో చెప్పినవాడు, వేయించిన బఠాణీని పచ్చిదనుకుంటాడా? అదీ రెండుసార్లు?"

"మరి తెలిసే వేస్తే... ఎప్పటికీ మొలవవు. ఎప్పటికీ మొలవకపోతే విచారణ ఎప్పటికీ..." అంటూ కోడలు తలెత్తింది.

అత్తగారు పెరట్లో నిలబడి ఉన్నారు. చేతిలో కర్ర లేదు. మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి హాల్లోకి, వరండాకి, మెట్టుకి, ఇప్పుడు మెట్టు దిగి మట్టిలోకి. కర్ర లేదన్న సంగతి ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది. గోడ కోసం చెయ్యి చాచబోయి, ఆపుకుని, కొంగు సర్దుకున్నారు.

చేతిలోని గింజని గోడవతలికి విసిరేశారు.

"వాడితో అనకు" అన్నారు అత్తగారు.

"ఎందుకనత్తయ్యా?"

"మనకి తెలిసిపోయిందంటే, వాడికి మనమీద అనుమానమొస్తుంది." అనేసి, కోడలి భుజం మీద చెయ్యేసి నవ్వారు. పడ్డప్పట్నుంచి ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. "వంటింట్లో పైఅరలో నా బఠాణీ విత్తనాల డబ్బా ఉంది, పట్రా. కాదులే, నువ్వు చెయ్యి కడుక్కో. నేను తెస్తా."

ఆ తర్వాత ఒకటి రెండుసార్లు బాబాయి వచ్చినా, ఉత్త మట్టి చూసి తృప్తిగా తల పంకించి వెళ్ళాడు. మూడోసారి వచ్చేసరికి కప్పులన్నిటిలోనూ లేతాకుపచ్చ మొలకలు. ఎరువున్న కప్పుల్లో మరీ ఏపుగా, ఆకులు విప్పుకుని ఉన్నాయి. ఆయన మెట్టు మీద గొంతుక్కూచున్నాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఎడమ జేబు తడుముకున్నాడు. ఆ తర్వాత కుడి జేబు తడుముకున్నాడు.

"ఇవి మొలిచాయి" అన్నాడు.

"మొలవక? నాటితే మొలవ్వూ?" అన్నారు అత్తగారు.

"ఇవి మొలవడానికి వీల్లే..." ఆగాడు.

"ఎందుకు వీల్లేదురా?"

కోడలు పెదవి కొరుక్కుంటూ పక్కకి తిరిగింది. అనుమానం బాబాయి మళ్ళీ ఎడమ జేబు తడుముకున్నాడు. అనుమానం వచ్చీ బయటికి చెప్పలేకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఎవరో మార్చారు" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరు మారుస్తారు? నేను కాపలా ఉన్నానుగా. నన్ను కూడా అనుమానిస్తావా?"

ఆయన అక్క వైపు చూశాడు. మొహం వైపు కాదు. పాదాల వైపు. కర్ర లేని చేతి వైపు. అలా చూసి, "సరే. మట్టి నిర్దోషి. వదిలేస్తున్నా" అన్నాడు.

పెట్టె నింపడం ఆ పూటే. కోడలు మట్టీ ఎరువూ కలిపి తట్టలతో పోసింది. అత్తగారు పెట్టె పక్కన నిలబడి రెండు చేతులతోనూ సర్దారు. అంచు సరిగ్గా మోచేతికి కాస్త దిగువకొచ్చింది. నీళ్ళు చల్లితే మట్టి కుంగింది. "మట్టి తగ్గింది! ఎవరు తీశారు?" అన్నాడు బాబాయి. కింద కొమ్మల సందుల్లోకి దిగిందని చెప్పి మళ్ళీ పోశారు. మట్టిగడ్డలోంచి ఒక వానపాము బయటపడింది. "ఇది ఎవరి తరఫున వచ్చింది?" అన్నాడు. అత్తగారు మాట్లాడకుండా దాన్ని మడిలోకి వదిలి, కప్పుల్లోని మొక్కల్ని ఒక్కొక్కటే నాటడం మొదలుపెట్టారు. మునుపటిలాగే కొంగు బిగించారు.

"ఆ మొక్క అంత దగ్గరగా వద్దక్కా."

"నువ్వు గింజలు తినేవాడివి. నాటడం నాకు చెప్పకు."

కోడలు చటుక్కున అత్తగారి వైపు చూసింది. అత్తగారు మట్టి వైపు చూశారు. మెట్టు మీంచి వస్తున్న బఠాణీ నమిలే చప్పుడు ఆగిపోయింది.

చివరి మొక్క పెట్టి, చేతులు దులుపుకుని, "కాఫీ తాగి వెళ్దువుగాని" అంటూ అత్తగారు తిరిగేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. సంచీ లేదు. కేక లేదు, గేటు ఊపిన చప్పుడు లేదు, సాక్ష్యాలు లేవు.

కోడలు ముందువైపుకి పరిగెత్తింది. గేటు బార్లా తెరిచి ఉంది. వీధి మలుపులో అనుమానం బాబాయి వీపు కనిపించింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

"వెళ్ళిపోయారత్తయ్యా! చెప్పకుండానే. గేటు కూడా వెయ్యలేదు!"

"వెయ్యలేదూ?" ఇంట్లోంచి గొంతు. "ఇన్నేళ్ళూ వీధంతా అదిరేలా వేసినవాడికి ఇవాళ ఏమొచ్చింది? ఇప్పుడంత దూరం ఎవరెళ్ళి వెయ్యాలట?"

"నేను వేస్తాలెండి."

"ఆగు. నువ్వు వేస్తే పడుతుందో లేదో! నేనొస్తున్నా."

మట్టి చేతులతో, తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, వాకిలి దాటి, మెట్లు దిగి, అత్తగారు గేటు దాకా నడుచుకుంటూ వచ్చారు. గొళ్ళెం వేశారు. ఊపి చూశారు.